చెన్నైలో వరద అంచనాలు, అత్యవసర సమన్వయం: రాష్ట్ర చట్టం గురించి తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నై, తిరువళ్లూరు, కాంచీపురం, చెంగల్పట్టు జిల్లాల్లో నివసించే తెలుగు కుటుంబాలు ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే ప్రతి అక్టోబరులోనూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటాయి. వరదను ముందుగా అంచనా వేయడం ఎవరి పని, ఆ అంచనా మన వీధిదాకా ఎందుకు రావడం లేదు, దీనికి చట్టం ఏం చేయగలదు అన్నవి వాటిలో ముఖ్యమైనవి. వరదల కోసం తమిళనాడు ఒక ప్రత్యేక రాష్ట్ర చట్టం చేయాలన్నది మా ప్రతిపాదన. ఆ దృష్టితో ఈ ప్రశ్నలకు ఇక్కడ వివరంగా జవాబులు ఇస్తున్నాం.

విపత్తులకు ఇప్పటికే ఒక చట్టం ఉంది కదా, వరదలకు మళ్లీ రాష్ట్ర చట్టం ఎందుకు?

ఉంది. 2004 సునామీ తరువాత పార్లమెంటు చేసిన విపత్తు నిర్వహణ చట్టం, 2005 దేశమంతటికీ వర్తిస్తుంది. దాని ప్రకారం జాతీయ సంస్థకు ప్రధానమంత్రి, రాష్ట్ర సంస్థకు ముఖ్యమంత్రి, జిల్లా సంస్థకు కలెక్టరు అధ్యక్షులుగా ఉంటారు. ప్రణాళికలు తయారుచేయడం, ప్రజలను ఖాళీ చేయించడం, వాహనాలను, భవనాలను స్వాధీనం చేసుకోవడం వంటి అధికారాలన్నీ అందులో ఉన్నాయి. అయితే అది భూకంపానికి, అగ్నిప్రమాదానికి, తుపానుకు, మహమ్మారికి ఒకే చట్టం కాబట్టి, వరద విషయంలో నిమిషాల లెక్కన తేలవలసిన సంగతుల జోలికి వెళ్లలేదు.

వాన ఎంత పడుతుందో చెప్పేది ఒకరు, చెరువు గేటు ఎత్తేది మరొకరు, వీధిలో నీళ్లు తోడించేది ఇంకొకరు, మనుషులను ఇళ్లు ఖాళీ చేయించే అధికారం ఉన్నది వేరొకరు. ఒకరి దగ్గరున్న సమాచారం ఎంతసేపట్లో రెండోవారికి చేరాలో, చేరాక ఎవరు ఏ నిర్ణయం తీసుకోవాలో, తీసుకోకపోతే ఎవరు సంజాయిషీ ఇవ్వాలో చెప్పే ప్రత్యేక చట్టం తమిళనాడులో లేదు. ప్రభుత్వ ఉత్తర్వులు, మార్గదర్శకాలు ఉన్నాయి, కానీ ఉత్తర్వును మరో ఉత్తర్వుతో మార్చేయవచ్చు. చట్టమైతే శాసనసభలో చర్చ జరగాలి, అమలు గురించి సభకు లెక్క చెప్పాలి, అవసరమైతే పౌరుడు దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లగలగాలి. మా ఉద్దేశంలో అసలు అవసరం కొత్త సంస్థ కాదు, ఉన్న సంస్థల మధ్య గడువులతో కూడిన బాధ్యత.

వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇస్తుంది కదా, అది వరద అంచనా కాదా?

కాదు. నుంగంబాక్కంలోని ప్రాంతీయ వాతావరణ కేంద్రం ఇచ్చేది ప్రధానంగా వర్షపు అంచనా. రెడ్ అలర్ట్ అంటే సాధారణంగా 24 గంటల్లో 20.4 సెంటీమీటర్లకు మించి వాన పడే అవకాశం ఉందని అర్థం. అంత వాన పడినా ఒక వీధి పొడిగా ఉండవచ్చు, అందులో సగమే పడినా పక్క వీధి నడుము లోతు మునగవచ్చు. నేల అప్పటికే నానిపోయిందా, ఎగువ చెరువులు నిండి ఉన్నాయా, వాన కాలువలో పూడిక ఉందా, ఆ సమయానికి సముద్రంలో పోటు ఉందా అన్నవి కలిస్తేనే వరద ఎంతో తెలుస్తుంది. నదీముఖం దగ్గర సముద్రం పోటు మీద ఉంటే నగరం గుండా పారే అడయారు, కూవం నదుల నీటిని అది తీసుకోదు, నీరు వెనక్కు తన్నుతుంది.

ఈ లెక్కలన్నీ కలిపి చూసే వ్యవస్థలు చెన్నైకి లేకపోలేదు. తీరప్రాంత వరద హెచ్చరిక కోసం ఐఐటీ బొంబాయి, ఐఐటీ మద్రాసు, అన్నా విశ్వవిద్యాలయం నిపుణులు కలిసి సీ-ఫ్లోస్ అనే వ్యవస్థను తయారుచేశారు. అడయారు, కూవం, కొసస్తలై, కోవళం పరీవాహకాలకు తక్షణ వరద అంచనా వ్యవస్థను రాష్ట్ర ప్రభుత్వం చేపట్టింది. 2024లో టీఎన్-అలర్ట్ యాప్ వచ్చింది. సాంకేతికంగా చెన్నై ఈ విషయంలో దేశంలోని చాలా నగరాలకంటే ముందుంది. లోపమంతా అంచనాకు, చర్యకు మధ్య ఉన్న ఖాళీలో ఉంది. ‘ఈ ప్రాంతం రేపు ఉదయానికి మూడడుగులు మునుగుతుంది’ అని కంప్యూటరు చూపించినంత మాత్రాన ఏ అధికారీ ఆ ప్రాంతాన్ని ఖాళీ చేయించి తీరాలన్న నిబంధన లేదు.

భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక అని మా ఊళ్లో అందరికీ తెలుసు. అడయారుకు అలాంటివి ఎందుకు వినిపించవు?

ఇది తెలుగువారే అడగగల ప్రశ్న, చాలా సరైన ప్రశ్న కూడా. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ధవళేశ్వరం వద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటిది, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది. గోదావరి గట్టున పుట్టి పెరిగినవారికి ఈ అంకెలు నోటికి వచ్చు. మొదటి హెచ్చరికకు పశువులను మెరకకు తోలడం, రెండవదానికి ధాన్యం, సామాను సర్దడం, మూడవదానికి ఊరు వదలడం అనే క్రమం తరాలుగా అలవాటైపోయింది. అధికారులకు కూడా ఏ అంకెకు ఏ పని చేయాలో స్పష్టంగా తెలుసు.

గోదావరి పెద్ద నది కావడంతో ఎగువన వచ్చిన వరద దిగువకు చేరడానికి ఒక రోజో అంతకంటే ఎక్కువో పడుతుంది. అడయారు మొత్తం పొడవే 42 కిలోమీటర్ల చిల్లర. తాంబరం వైపు చెరువులు అలుగు పారిన కొన్ని గంటల్లోనే సైదాపేట, కోటూరుపురం దగ్గర నది ఉప్పొంగుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది కూడా కృష్ణమ్మ కాదు, చిన్న వాగులాంటి బుడమేరు. చిన్న నది వరద తొందరగా వస్తుంది కాబట్టి దానికి మరింత కచ్చితమైన మెట్లు కావాలి. అడయారు, కూవం, కొసస్తలై నదులమీద ఎంపిక చేసిన వంతెనల దగ్గర నీటిమట్టాన్ని బట్టి మూడు హెచ్చరిక స్థాయిలను ప్రకటించాలి, ఒక్కో స్థాయికి ఏ శాఖ ఏ పని ఎన్ని గంటల్లో చేయాలో చట్టం అనుబంధంలో రాయాలి, ఆ అంకెలను వంతెన గోడమీదే పెద్ద అక్షరాలతో వేయాలి అన్నది మా ప్రతిపాదనల్లో మొదటిది.

2015 డిసెంబరులో అసలు ఏం జరిగింది? చట్టం ఉండి ఉంటే ఏమైనా మారేదా?

ఆ ఏడాది నవంబరులోనే చెన్నైలో వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. అంత వాన ఒక నవంబరులో పడడం 1918 తరువాత అదే మొదటిసారి. చెరువులన్నీ నిండి, నేల నానిపోయి ఉన్న స్థితిలో డిసెంబరు 1, 2 తేదీల మధ్య తాంబరంలో 24 గంటల్లో 49 సెంటీమీటర్ల వాన పడింది. 3,645 మిలియన్ ఘనపుటడుగుల సామర్థ్యం, 24 అడుగుల పూర్తి మట్టం ఉన్న చెంబరంబాక్కం చెరువు నుంచి ఆ ఉదయం వెయ్యి క్యూసెక్కుల లోపు వదులుతూ ఉండగా, సాయంత్రానికి అది 29,000 క్యూసెక్కులకు చేరింది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. అంటే సెకనుకు ఎనిమిది లక్షల లీటర్లకు పైమాటే, వీధుల్లోకి వచ్చే 12,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్లు దాదాపు 68 ప్రతి సెకనుకూ ఖాళీ అవుతున్నట్టు.

ఆ మిగులు నీరు తిరునీర్మలై దగ్గర అడయారులో కలుస్తుంది. అక్కడికి అప్పటికే తాంబరం, ముడిచూరు, ఆదనూరు, మణిమంగళం వైపు చెరువులనుంచి గేట్లూ లెక్కలూ లేని నీరు పోటెత్తి వస్తోంది. రెండూ కలిసి మణపాక్కం, జాఫర్‌ఖాన్‌పేట, సైదాపేట, కోటూరుపురం మీద పడ్డాయి. చాలామంది రాత్రి నిద్రలో ఉండగా నీరు ఇంట్లోకి వచ్చింది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక 2018లో శాసనసభ ముందుకు వచ్చినప్పుడు దీనిని మనుషుల వల్ల జరిగిన విపత్తుగా పేర్కొంది. ప్రభుత్వ వర్గాలు మాత్రం అసాధారణ వర్షమే కారణమన్నాయి.

ఆ వాదన సంగతి ఎలా ఉన్నా, ఒక విషయాన్ని దగ్గరగా చూడాలి. వరదకు ముందు మనకు అందే ప్రకటన సాధారణంగా ‘మిగులు జలాలు విడుదల చేస్తున్నందున నదీతీర లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అన్న తీరులో ఉంటుంది. జాఫర్‌ఖాన్‌పేటలో ఒక అపార్టుమెంటు సెల్లారు పక్కన గదిలో భార్యాపిల్లలతో ఉండే వాచ్‌మన్ దానిని విన్నా ఏం చేయగలడు? తన గది లోతట్టు ప్రాంతమో కాదో అతనికి తెలియదు. అప్రమత్తంగా ఉండడమంటే మేలుకుని ఉండడమా, వెళ్లిపోవడమా? వెళ్లాలంటే ఎక్కడికి? దానికి బదులు ‘రాత్రి 9 గంటలకు ఈ వంతెన దగ్గర నీరు రెండో స్థాయి దాటుతుంది, ఈ ఆరు వీధుల్లో సెల్లార్లు, కింది అంతస్తులు 8 గంటల లోపు ఖాళీ చేయాలి, ఫలానా కార్పొరేషన్ పాఠశాల తెరిచి ఉంది, బస్సు ఫలానా మలుపు దగ్గర ఉంది’ అని చెబితే అతను బతుకుతాడు. హెచ్చరికలో స్థలం, సమయం, లోతు, వెళ్లవలసిన చోటు నాలుగూ ఉండాలని చట్టమే శాసించాలి. 2015లో వాన ఆగేది కాదు, కానీ ఆ నాలుగు ముక్కలు ముందే చెప్పి ఉంటే ఎందరి ప్రాణాలో, ఎన్ని ఇళ్ల సామానో మిగిలేవి.

గేట్లు ఎత్తే నిర్ణయం ఇంజనీరుదే కదా? ఆయనను శిక్షిస్తే సరిపోదా?

సరిపోదు, న్యాయం కూడా కాదు. చెంబరంబాక్కం, పూండి, పుళల్, షోళవరం చెరువులు నగరానికి తాగునీటి ఆధారాలు. వానాకాలం మధ్యలో ముందుగానే నీరు వదిలేస్తే, ఆ తరువాత వాన రాకపోతే నగరం దాహంతో అల్లాడుతుంది. 2019 వేసవిలో ఈ నాలుగూ ఎండిపోయి వీధివీధికీ ట్యాంకర్ల కోసం బిందెల వరుసలు కట్టిన రోజులు ఎవరూ మరచిపోలేదు. వదిలితే కరువుకు కారకుడవుతాడు, వదలకపోతే వరదకు కారకుడవుతాడు. అలాంటి ఒత్తిడిలో ఏ ఇంజనీరైనా పైనుంచి ఆదేశం వచ్చేదాకా ఆగడానికే మొగ్గు చూపుతాడు. ఆ ఆగడంలోనే విలువైన గంటలు గడిచిపోతాయి.

దీనికి విరుగుడు రాతపూర్వకమైన గేట్ల నిర్వహణ నియమావళి. ఏ నెలలో మట్టం ఎంతవరకు ఉంచాలి, రాబోయే రెండు మూడు రోజుల వాన అంచనా ఎంత ఉంటే ఎంత ఖాళీ చేయాలి, ఏ పరిస్థితిలో ఇంజనీరు ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా గేటు ఎత్తవచ్చు అన్నవి అందులో ఉండాలి. ఆ నియమావళిని ప్రజల ముందు పెట్టాలి. దానిని అనుసరించి పనిచేసిన అధికారికి, తరువాత వాన రాకపోయినా, రక్షణ ఉండాలి. అనుసరించనివారు కారణం అక్కడికక్కడ రాసిపెట్టాలి. ఈ రక్షణ లేకుండా బాధ్యతను మాత్రమే మోపే చట్టం కాగితం మీద గట్టిగా కనిపించినా, ఆచరణలో ఫైళ్ల కదలికను ఇంకా నెమ్మది చేస్తుంది.

ఇన్ని శాఖల మధ్య సమన్వయం ఎక్కడ తెగిపోతుంది?

ముఖ్యంగా జిల్లాల సరిహద్దుల దగ్గర. చెంబరంబాక్కం కాంచీపురం జిల్లాలో ఉంది. ఆ నీరు వెళ్లి ముంచేది చెన్నై జిల్లాను. పూండి తిరువళ్లూరు జిల్లాలో ఉంది, దాని నీరు కొసస్తలైలో మణలి వైపుగా ఎన్నూరు చేరుతుంది. కలెక్టర్లు వేరు, పోలీసు కమిషనరేట్లు వేరు, స్థానిక సంస్థలు వేరు. చెరువు గేటు జలవనరుల శాఖది, నీటి సరఫరా మెట్రోవాటర్‌ది, వాన కాలువ కార్పొరేషన్‌ది, కొన్ని రోడ్ల పక్క కాలువలు రహదారుల శాఖవి, ట్రాన్స్‌ఫార్మరు ఆపవలసింది విద్యుత్ సంస్థ. నీరు మాత్రం ఈ హద్దులేవీ చూడదు. అందువల్ల జిల్లా ప్రాతిపదికన కాక, పరీవాహక ప్రాంతం ప్రాతిపదికన ఒకే అధికారి చేతిలో ఆదేశం ఉండాలి. వరద మొదటి స్థాయి దాటిన క్షణం నుంచి ఆ అధికారి మాట నాలుగు జిల్లాల్లోనూ చెల్లాలి.

2025లో సవరించిన కేంద్ర చట్టం మున్సిపల్ కార్పొరేషన్ ఉన్న నగరాలకు పట్టణ విపత్తు నిర్వహణ సంస్థను ఏర్పాటు చేసే వీలు రాష్ట్రాలకు ఇచ్చింది. మంచి అవకాశమే. కానీ ఆ సంస్థ పరిధి కార్పొరేషన్ హద్దు దగ్గర ఆగిపోతే, హద్దుకు అవతల ఉన్న చెరువుల సంగతి మళ్లీ మొదటికే వస్తుంది.

ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే నీటి సంగతి ఏమిటి?

చాలామంది దృష్టికి రాని విషయం ఇది. తిరుపతి జిల్లాలోని పిచ్చాటూరు ఆరణియార్ జలాశయం నుంచి నీరు వదిలితే ఊత్తుకోట వైపు వంతెనలు, దారులు మునుగుతాయి. చిత్తూరు జిల్లాలో కుశస్థలి నదిమీద ఉన్న కృష్ణాపురం జలాశయం గేట్లు ఎత్తితే ఆ నీరు పళ్లిపట్టు మీదుగా పూండికి చేరుతుంది. పూండి నిండితే ఎన్నూరుదాకా ప్రభావం ఉంటుంది. కండలేరు నుంచి పూండికి వచ్చే తెలుగుగంగ నీటిని రెండు రాష్ట్రాల ఇంజనీర్లు కలిసి లెక్క వేసుకుంటారు. తాగునీటి విషయంలో అంత క్రమంగా సాగే సంప్రదింపు, వరదనీటి విషయంలోనూ అంతే క్రమంగా, అంతే కచ్చితంగా ఉండాలి.

2021 నవంబరు 19 తెల్లవారుజామున కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ ఊళ్లు కొట్టుకుపోయిన ఘోరం మన కళ్లముందే జరిగింది. అప్పట్లో ఒక గేటు పనిచేయని స్థితిలో ఉందన్న మాట పార్లమెంటులోనూ ప్రస్తావనకు వచ్చింది. సరిహద్దుకు ఇరువైపులా ఉన్నవి ఒకే నదులు, చాలాచోట్ల ఒకే కుటుంబాలు. ఎగువ గేటు ఎత్తడానికి ముందు దిగువ కలెక్టరుకు, తహశీల్దారుకు, పంచాయతీకి నేరుగా సమాచారం అందే ఒప్పందం రెండు రాష్ట్రాల మధ్య కుదరాలి, తమిళనాడు చట్టం తన అధికారులకు ఆ ఒప్పందం చేసుకునే బాధ్యతను అప్పగించాలి.

ఆనకట్టల భద్రతా చట్టం ఈ పని చేయదా?

కొంత చేస్తుంది. 2021 డిసెంబరు 30న అమల్లోకి వచ్చిన ఆ కేంద్ర చట్టం పెద్ద ఆనకట్టల యజమానులు జలాశయంలోకి వచ్చే నీటి (ఇన్‌ఫ్లో) అంచనా వ్యవస్థను, దిగువ ప్రాంతాలకు హెచ్చరిక వ్యవస్థను, అత్యవసర కార్యాచరణ ప్రణాళికను ఏర్పాటు చేయాలంటుంది. పాత ఆనకట్టలకు ప్రణాళిక కోసం ఐదేళ్ల గడువు ఇచ్చింది. కానీ అది 15 మీటర్లు దాటిన కట్టడాలకు, కొన్ని షరతులమీద 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటికి మాత్రమే వర్తిస్తుంది. 2015లో అడయారులోకి అంత నీరు తెచ్చిన గొలుసుకట్టు చెరువుల్లో చాలావాటి కట్టలు అంత ఎత్తు ఉండవు. రాష్ట్ర చట్టం పూరించవలసిన అసలు ఖాళీ ఈ చిన్న చెరువులే. ప్రతి అలుగు దగ్గరా ఒక కొలబద్ద, ప్రతి గొలుసుకూ ఒక బాధ్యుడు ఉంటే చాలావరకు సమాచారం దొరుకుతుంది.

ఇలాంటి చట్టం చేసే అధికారం రాష్ట్రానికి ఉందా?

ఉంది. రాజ్యాంగంలోని మూడు జాబితాల్లో ఎక్కడా విపత్తు నిర్వహణ అనే పేరుతో అంశం లేదు. 2005 చట్టాన్ని ఉమ్మడి జాబితాలోని సామాజిక భద్రత అంశం కింద చేశారు. నీరు, కాలువలు, స్థానిక సంస్థలు, భూమి రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. వాతావరణ సంస్థలు కేంద్రానివి. కాబట్టి వర్షపు అంచనాను కేంద్రానికి వదిలి, ఆ అంచనా అందిన తరువాత రాష్ట్రంలో ఏం జరగాలో రాష్ట్రమే శాసించవచ్చు. ఉమ్మడి అంశంలో కేంద్ర చట్టంతో విభేదం వచ్చే నిబంధనలుంటే రాష్ట్రపతి ఆమోదం అవసరమవుతుంది. కేంద్ర చట్టానికి అనుబంధంగా మాత్రమే రాసుకుంటే ఆ చిక్కు చాలావరకు తప్పుతుంది. చట్టం ఆలస్యమవుతుందనుకుంటే, 2005 చట్టం కిందనే నియమాలు రూపొందించే అధికారం రాష్ట్రానికి ఉంది. హెచ్చరికల గడువులను అందులో చేర్చడానికి అడ్డేమీ లేదు.

ఇతర చోట్ల ఇలా చేశారా?

గుజరాత్ భుజ్ భూకంపం తరువాత 2003లోనే, కేంద్రం కంటే ముందుగా, సొంత విపత్తు నిర్వహణ చట్టం చేసుకుంది. ఒడిశా 1999 సూపర్ సైక్లోన్ తరువాత తన సంస్థను నిర్మించుకుని, తుపానుకు ముందే లక్షల మందిని తరలించే స్థాయికి ఎదిగింది. విదేశాల్లో ఇటీవలి ఉదాహరణ అమెరికాలోని టెక్సస్. 2025 జూలై 4 తెల్లవారుజామున గ్వాడలూప్ నది పొంగి, ఆ వరదల్లో 130 మందికి పైగా చనిపోయారు. వారిలో శిబిరానికి వెళ్లిన చిన్నపిల్లలూ ఉన్నారు. నది ఒడ్డున సైరన్లు పెట్టాలన్న చర్చ అక్కడ ఏళ్లుగా సాగి, నిధులు కుదరక ఆగిపోయింది. ఆ దుర్ఘటన తరువాత కొన్ని వారాల్లోనే రాష్ట్ర శాసనసభ సైరన్లపైన, పిల్లల శిబిరాల అత్యవసర ప్రణాళికలపైన చట్టాలు చేసింది. చెన్నై 2015 వరదల్లో, 2023 మిచౌంగ్ తుపానులో తగినంత నష్టపోయింది. మరో దుర్ఘటన కోసం ఎదురుచూడనవసరం లేదు.

దీనికి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

రాష్ట్ర విపత్తు నిధిలో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. 2021-26 కాలానికి పదిహేనవ ఆర్థిక సంఘం చేసిన సిఫారసుల ప్రకారం మొత్తం కేటాయింపులో 20 శాతం నష్ట నివారణకు, 10 శాతం సన్నద్ధతకు. మిచౌంగ్ తుపాను సమయంలో, 2023 డిసెంబరులో, చెన్నై పట్టణ వరదల నివారణకు 561.29 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్రం ఆమోదించింది. నీటిమట్టం కొలిచే గేజీలకు, సైరన్లకు, శిక్షణకు అయ్యే ఖర్చు ఒక్క వరద తరువాత పంచే సహాయంతో పోలిస్తే స్వల్పమే. మిచౌంగ్ తరువాత కుటుంబానికి 6,000 రూపాయల చొప్పున ఇచ్చిన సంగతి గుర్తుచేసుకుంటే ఈ మాట అర్థమవుతుంది.

అంచనా తప్పితే ఎలా? జనం తరువాత నమ్ముతారా?

అంచనాలు కొన్నిసార్లు తప్పుతాయి. 2021 డిసెంబరు 30న చెన్నైలో అనుకోకుండా కుంభవృష్టి కురిసి నగరం స్తంభించింది. అంతటి వాన వస్తుందని ముందు రోజు చెప్పినవారు లేరు. అందుకే చట్టం అంచనా వేసినవారిని కాక, అంచనా అందిన తరువాత కదలనివారిని జవాబుదారీ చేయాలి. ప్రతి హెచ్చరిక తరువాత ఏం చెప్పారు, ఏం జరిగింది అన్నది నెల రోజుల్లో ప్రచురించాలి. దాపరికం లేకపోతే ఒకటి రెండు తప్పిన హెచ్చరికలను జనం అర్థం చేసుకుంటారు. ఉద్దేశపూర్వకంగా తప్పుడు హెచ్చరికలు వ్యాప్తి చేసేవారి సంగతి వేరు. వారికి 2005 చట్టం కిందనే ఏడాది వరకు జైలు శిక్ష ఉంది, వాట్సాప్‌లో పాత వీడియోలను పంపేవారు ఇది గమనించాలి.

పడవలున్న మత్స్యకారులు, స్వచ్ఛంద కార్యకర్తలు ఈ చట్టంలో ఎక్కడ ఉంటారు?

2015లో జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం అరక్కోణం నుంచి వచ్చింది, సైన్యం వచ్చింది. వారితో పాటు, చాలా వీధుల్లో వారికంటే ముందు, మత్స్యకారులు తమ పడవలను లారీలమీద ఎక్కించుకుని వచ్చి మనుషులను కాపాడారు. వారి సేవను పొగిడి ఊరుకోకుండా, వానాకాలానికి ముందే ఏ కుప్పంలో (మత్స్యకారుల పల్లెలో) ఎన్ని పడవలు, ఏ వార్డుకు ఏ పడవ అన్నది నమోదు చేయాలి. డీజిలు, కూలి, పడవ నష్టపరిహారం, ప్రమాద బీమా ముందుగానే నిర్ణయించాలి. స్వాధీనం చేసుకున్న వాహనాలకు పరిహారం ఇవ్వాలని 2005 చట్టం ఇప్పటికే చెబుతోంది. పిలిచినా పిలవకపోయినా వచ్చే మనిషికి అంతకంటే తక్కువ దక్కకూడదు.

తమిళం చదవలేని తెలుగు కూలీలకు హెచ్చరికలు ఎలా అందుతాయి?

ఇది మాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చి భవన నిర్మాణ స్థలాల్లో రేకుల షెడ్లలో ఉండేవారికి నగరం కొత్త. ఏ కాలువ ఎటు పోతుందో తెలియదు, తమిళ ప్రకటన అర్థం కాదు, స్థానిక రేషన్ కార్డు ఉండదు. హెచ్చరికలు ఆ ప్రాంతంలో ఎక్కువమంది మాట్లాడే భాషల్లోనూ, చదువురానివారికోసం మైకులోనూ ఇవ్వాలని, కార్మికుల షెడ్లకు సమాచారం చేర్చి వారిని తరలించే బాధ్యత నిర్మాణ సంస్థదేనని చట్టంలో ఉండాలి. సహాయం పంచడంలో మతం, కులం, సమూహం పేరిట వివక్ష చూపరాదని కేంద్ర చట్టం ఇప్పటికే నిషేధించింది.

చట్టం వచ్చేదాకా మనం ఏం చేయాలి?

రాష్ట్ర అత్యవసర కేంద్రం 1070, జిల్లా కేంద్రం 1077, చెన్నై కార్పొరేషన్ 1913, సాధారణ అత్యవసర సేవలు 112. ఈ నాలుగింటినీ ఫోనులో పెట్టుకోవాలి. టీఎన్-అలర్ట్, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారి సచేత్ యాప్‌లను దించుకుని మీ ప్రాంతం ఎంచుకోండి. అద్దె ఇల్లు చూసేటప్పుడు 2015లోనూ 2023లోనూ నీరు ఎంతవరకు వచ్చిందో ఇంటి యజమానిని కాక, ఎదురింటివారిని అడగండి. సెల్లారులో నీరు చేరుతుంటే కారు తీయడానికి దిగవద్దు, ముందు మెయిన్ స్విచ్ ఆపించండి.

ఈ చట్టం కోసం మేము ఎవరిని అడగాలి? తెలుగులో అర్జీ ఇవ్వవచ్చా?

ముందు మీ శాసనసభ్యుడిని, ఆ తరువాత చేపాక్ ఎళిలగంలోని రెవెన్యూ, విపత్తు నిర్వహణ అధికారులను అడగాలి. వార్డు స్థాయిలో జరిగే ఏరియా సభల్లో మీ వీధి ముంపు వివరాలను, ఫోటోలతో, తేదీలతో నమోదు చేయించండి. చెంబరంబాక్కం, పూండి గేట్ల నిర్వహణ నియమాలను, అత్యవసర ప్రణాళికలను సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఇక భాష విషయానికి వస్తే, కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా వినతిపత్రం ఇచ్చుకునే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. తెలుగులో నిరభ్యంతరంగా రాయండి, పని త్వరగా జరగడానికి తమిళ ప్రతిని కూడా జతచేయండి. అర్జీలో మీ వీధి పేరు, నీరు చేరిన ఎత్తు, ఆ రోజు మీకు హెచ్చరిక ఏ గంటకు అందింది లేదా అందలేదు అన్న మూడు సంగతులు తప్పకుండా ఉండాలి.